సైన్స్ పాఠాలు రాసేవాళ్ళకి ఒక బహిరంగ లేఖ: ఓడిపోయినవాళ్ళ ప్రశ్నలు కూడా పుస్తకంలో ఉండనివ్వండి

సైన్స్ టెక్స్ట్ బుక్స్ రాసేవాళ్ళకీ, సిలబస్ కమిటీల్లో ఉన్న పెద్దలకీ నమస్కారం.

మీ పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది, మాటలు అటూ ఇటూ మారినా సారం ఒకటే. "పూర్వం మనుషులు విశ్వానికి భూమే కేంద్రం అనుకునేవారు, 1543లో కోపర్నికస్ అది తప్పని నిరూపించాడు." నేనూ చిన్నప్పుడు ఇదే చదివాను, పరీక్షలో ఇదే రాశాను, మార్కులూ వచ్చాయి. మొన్న మా మేనకోడలు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని "ఎలా నిరూపించాడు మామయ్యా?" అని అడిగింది. పుస్తకంలో చూద్దాం పట్టు అన్నాను, ముందు పేజీ వెనక పేజీ మొత్తం వెతికాం, ఎక్కడా లేదు. ఉండదు కూడా, ఎందుకంటే కోపర్నికస్ నిరూపించలేదు. ఆయన పుస్తకం అచ్చయిన ఏడాదే చనిపోయాడు, ఆ పుస్తకంలో ఉన్నది ఒక గొప్ప ప్రతిపాదన, చాలా అందమైన లెక్క, అంతే. ప్రూఫ్ అని ఒప్పుకోదగ్గది రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆ రోజు నుంచి నాకు ఇదే ధ్యాస. ఈ లేఖ కూడా అందుకే రాస్తున్నా. మీరు చెప్పే ఫలితాలు తప్పని నేను అనడం లేదు, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది, అందులో అనుమానమేం లేదు. కానీ ఆ ఒక్క లైను చదివిన పిల్లకి ఏం అర్థమవుతుందో చూడండి. పాతకాలం వాళ్ళు తెలివితక్కువ వాళ్ళు, ఒక మేధావి వచ్చాడు, నిజం చెప్పాడు, మూర్ఖులు కొన్నాళ్ళు గొడవ చేశారు, తర్వాత అందరూ ఒప్పుకున్నారు. ఇది కథ కాదండీ. అసలు కథ దీనికన్నా చాలా బాగుంటుంది, పైగా పిల్లలకి పనికొచ్చేది అదే.

కోపర్నికస్‌కి ఎదురు చెప్పినవాళ్ళ సంగతే తీసుకుందాం. టైకో బ్రాహీ అని డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త, టెలిస్కోప్ ఇంకా రాని రోజుల్లో ఉత్త కంటితో ఆయనంత కచ్చితంగా ఆకాశాన్ని కొలిచినవాళ్ళు లేరు. డిగ్రీని 60 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క (దాన్నే కోణంలో నిమిషం అంటారు) తేడా వచ్చినా దాదాపుగా పట్టేసేవాడు. 1572లో ఆకాశంలో కొత్త నక్షత్రం కనిపిస్తే అది చంద్రుడికన్నా ఎంతో పైన ఉందని కొలిచి చూపించి, ఆకాశం ఎప్పటికీ మారదు అన్న పాత నమ్మకాన్ని దెబ్బకొట్టింది ఆయనే. అలాంటి మనిషి కోపర్నికస్ లెక్క చాలా బాగుందంటూనే భూమి కదులుతుందంటే మాత్రం ఒప్పుకోలేదు. ఎందుకు? మతం మాట ఒక కారణం, నిజమే, కానీ ఆయన అడిగిన అసలు ప్రశ్న మనం కూడా చేసి చూడొచ్చు. బొటనవేలు ముఖానికి ఎదురుగా పెట్టుకుని ఒక కన్ను మూసి చూడండి, తర్వాత ఇంకో కన్ను మూసి చూడండి, వెనక ఉన్న గోడ మీద వేలు జరిగినట్టు కనిపిస్తుంది. దీన్నే పారలాక్స్ అంటారు. భూమి నిజంగా సూర్యుడి చుట్టూ అంత పెద్ద చుట్టు తిరుగుతుంటే జనవరిలో ఒక పక్క నుంచి, జూలైలో ఇంకో పక్క నుంచి చూస్తున్నాం కదా, మరి దగ్గరి నక్షత్రాలు దూరం నక్షత్రాల ముందు కొంచెమైనా జరగాలి కదా. టైకో వెతికాడు. జరగలేదు.

అయితే నక్షత్రాలు చాలా చాలా దూరంలో ఉన్నాయి కాబట్టి జరగడం కనబడట్లేదు అని కోపర్నికస్ వైపు వాళ్ళు అన్నారు. దానికీ టైకో దగ్గర సమాధానం ఉంది. కంటికి నక్షత్రం ఒక చిన్న చుక్కలా, కొంత సైజుతో కనిపిస్తుంది. అంత దూరంలో ఉండి కూడా ఆ సైజులో కనబడుతోందంటే ఒక మామూలు నక్షత్రం కూడా భూమి తిరిగే కక్ష్య మొత్తం అంత ఉండాలి, సూర్యుడు దాని పక్కన నలుసు. ఇది నమ్మేలా ఉందా అని అడిగాడు. మీరే చెప్పండి, ఆ రోజుల్లో మీరుంటే ఎవరి పక్కన నిలబడేవాళ్ళు? నేనైతే టైకో పక్కనే నిలబడేవాడినని అనుకుంటున్నా, అలా అనుకోవడం నాకు సిగ్గుగా కూడా లేదు, చేతిలో ఉన్న డేటా ఆయన వైపే ఉంది.

ఆయన ఎక్కడ పొరబడ్డాడో తెలియడానికి 200 ఏళ్ళు దాటింది. కంటికైనా టెలిస్కోప్‌కైనా కనబడే ఆ నక్షత్రం సైజు నక్షత్రానిది కాదు, వెలుతురు ఒక చిన్న రంధ్రంలోంచి వచ్చేటప్పుడు పరుచుకోవడం వల్ల వచ్చేది. దాన్ని లెక్కగట్టి చెప్పింది ఎయిరీ అనే ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త, 1835లో. ఇక పారలాక్స్ విషయానికొస్తే, 1838లో బెసెల్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త 61 సిగ్నై అనే ఒక మసక నక్షత్రం నిజంగానే ఏడాదిలో అటూ ఇటూ జరుగుతోందని కొలిచాడు. ఎంత జరిగిందో తెలుసా, డిగ్రీని పదకొండు పన్నెండు వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. టైకో పట్టగలిగిన దానికి సుమారు 200వ వంతు. ఆ నక్షత్రం దూరం 11 కాంతి సంవత్సరాల పైమాట. 1543 నుంచి 1838 దాకా అంటే 295 ఏళ్ళు. ఈ సంఖ్య మీ పుస్తకాల్లో ఎందుకు ఉండదు అని నేను నిజంగా బాధతో అడుగుతున్నా.

మధ్యలో ఏమీ జరగలేదని కాదు. బ్రాడ్లీ అనే ఆయన 1720ల చివర్లో ఇదే పారలాక్స్ కోసం వెతుకుతూ వెతుకుతూ వేరే కదలిక ఒకటి కనిపెట్టాడు, భూమి పరుగు వల్ల నక్షత్రాల వెలుతురు కాస్త వాలినట్టు కనిపించడం, వానలో పరిగెడితే చినుకులు ఎదురుగా ఏటవాలుగా తగిలినట్టు. భూమి కదులుతోందనడానికి నేరుగా దొరికిన మొదటి సాక్ష్యం అదే. తన చుట్టూ తాను తిరుగుతోందని కళ్ళారా చూపించింది 1851లో ఫూకో అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త, పారిస్‌లో పాంథియన్ గోపురం నుంచి 67 మీటర్ల తీగకి 28 కిలోల గుండు వేలాడదీసి ఊపి వదిలితే, అది ఊగే దిశ గంటగంటకీ నేల మీద మెల్లగా పక్కకి జరుగుతూ కనబడింది. జనం గుంపులుగా వెళ్ళి చూశారు. ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా నిలబడి చూసే ప్రూఫ్.

ఇంకా వెనక్కి వెళ్తే, భూమి తన అక్షం మీద తిరుగుతుందని ఆర్యభటుడు 499లోనే రాశాడని మన పుస్తకాల్లో గర్వంగా రాస్తారు. రాయండి, తప్పకుండా రాయండి. పడవలో ముందుకి పోయేవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనబడటమూ అలాంటిదే అన్నాడాయన, ఎంత చక్కటి పోలిక. కానీ ఆ తర్వాత వరాహమిహిరుడు ఏమన్నాడో ఎందుకు రాయరు? భూమే తిరుగుతుంటే ఆకాశంలోకి ఎగిరిన డేగలు తిరిగి తమ గూటికి ఎలా చేరతాయి అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్న అది! ఇప్పటికీ తరగతిలో అడిగితే సగం మంది పిల్లలు తెల్లమొహం వేస్తారు. ఆ ప్రశ్నకి సరైన జవాబు దొరికింది 1632లో గెలీలియో దగ్గర, కదిలే ఓడలో తలుపులు మూసిన గదిలో సీతాకోకచిలుకలు ఎగిరితే అవి వెనక గోడకి కొట్టుకోవు, ఎందుకంటే ఓడ వేగం వాటిలోనూ ఉంది కాబట్టి. పడవ ఉదాహరణతో మొదలైన వాదన వెయ్యేళ్ళ తర్వాత మళ్ళీ పడవ ఉదాహరణతోనే తేలింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఒక్క పేజీ రాస్తే చాలు, జడత్వం అనే చాప్టర్ పిల్లలకి బట్టీ పట్టే పని లేకుండా ఎక్కుతుంది. మీరు ఆర్యభటుడి పేరు ఒక చాప్టర్‌లో పొగడ్త కోసం, గెలీలియో పేరు ఇంకో చాప్టర్‌లో ఫార్ములా కోసం పెట్టారు, మధ్యలో ప్రశ్న అడిగినాయన్ని వదిలేశారు.

గెలీలియో అనగానే చర్చి చేసిన విచారణ కథ చెప్తారు. 1633లో ఆయన్ని తప్పు ఒప్పించారు, 1642లో చనిపోయేదాకా ఇంట్లోనే నిర్బంధంలో ఉంచారు, అది ఘోరమైన అన్యాయం, అది చెప్పాల్సిందే. కానీ అదే 1632 పుస్తకంలో భూమి కదలికకి పెద్ద ప్రూఫ్ అని ఆయన దేన్ని చూపించాడో కూడా చెప్పండి. సముద్రంలో ఆటుపోట్లు. భూమి కదలడం వల్లే నీళ్ళు ఊగుతున్నాయి అన్నాడు. అది తప్పు. చంద్రుడి వల్ల అని కెప్లర్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త అంటే కొట్టిపారేశాడు. ఆయన లెక్క ప్రకారం రోజుకి ఒకే పోటు రావాలి, సముద్రం ఒడ్డున ఉన్న ఎవరిని అడిగినా రోజుకి రెండు వస్తాయని చెప్తారు. గురుడి చుట్టూ నాలుగు చంద్రుళ్ళనీ, శుక్రుడికి చంద్రుడిలాగే కళలు ఉండటాన్నీ 1610లో చూసి చెప్పిన మనిషే, ఇంత తప్పు వాదన కూడా చేశాడు. ఇది తెలిస్తే పిల్లలకి ఆయన మీద గౌరవం తగ్గుతుందని మీరు భయపడుతున్నారేమో. నాకైతే ఇది తెలిశాకే ఆయన మనిషిలా కనిపించాడు.

కెప్లర్ విషయంలో ఒక సంఖ్య ఉంది, దాన్ని అట్ట మీద అచ్చేసినా తప్పు లేదు. 8. అంగారకుడి దారి ఏంటో ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి, చివరికి వృత్తాలతో ఒక లెక్క కుదిర్చాడు, టైకో కొలతలతో పోలిస్తే 8 నిమిషాల కోణం తేడా వచ్చింది, అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు. వేరే ఎవరైనా అయితే పోనీలే అని వదిలేసేవారు. టైకో అంత పొరపాటు చెయ్యడు అని నమ్మి కెప్లర్ తన లెక్కనే పడేశాడు, వేల ఏళ్ళుగా అందరూ పవిత్రంగా చూసుకున్న వృత్తాన్నే పడేశాడు, 1609లో దీర్ఘవృత్తం అని రాశాడు. గమనించండి, భూమి కదలదన్న టైకో కొలతలే భూమి కదులుతుందన్న సిద్ధాంతాన్ని నిలబెట్టాయి. పిల్లలకి నిజాయితీ గురించి వేరే పాఠం అక్కర్లేదు, ఇది చెప్తే చాలు.

ఇంకో మాట. భూమి కేంద్రం కాదని తెలియగానే మనిషి గర్వం అణిగిపోయింది అని మీ పుస్తకాల్లోనే కాదు పెద్దపెద్ద వ్యాసాల్లో కూడా ఉంటుంది. 1917లో ఫ్రాయిడ్ కూడా అదే రాశాడు, మనిషి అహంకారానికి మూడు దెబ్బలు తగిలాయి, మొదటిది కోపర్నికస్, రెండోది డార్విన్, మూడోది తన మనోవిశ్లేషణ అని. వినడానికి బాగుంటుంది కానీ మొదటి దెబ్బ విషయంలో ఇది సరికాదు. పాత లెక్కలో కేంద్రం అంటే సింహాసనం కాదు, అన్నిటికన్నా అడుగు. బరువైనవీ పాడైపోయేవీ అన్నీ కిందకి జారి చేరే చోటు. పైన ఉన్నది పవిత్రం, కింద ఉన్నది మట్టి. అందుకే గెలీలియో 1610లో భూమి విశ్వంలో మురికి చేరే గుంట కాదని, అది కూడా గ్రహాల్లాగే వెలుగుతుందని సంతోషంగా రాశాడు. అంటే ఆయన దృష్టిలో మనల్ని కిందకి దించలేదు, పైకి ఎత్తారు. ఒకే విషయం చూసి ఒక కాలం వాళ్ళకి గౌరవం పెరిగినట్టు అనిపించింది, ఇంకో కాలం వాళ్ళకి అవమానం జరిగినట్టు అనిపించింది. దీని మీద తరగతిలో గంటసేపు మాట్లాడుకోవచ్చు, మీరు మాత్రం "మనిషి అహంకారం తగ్గింది" అని ఖాళీలు పూరించే బిట్ చేసేశారు.

డార్విన్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కూడా మీరు చెప్పే ప్రత్యర్థులు మతం వాళ్ళే. ఆయన్ని నిజంగా నిద్రపోనివ్వనివాడు ఒక ఫిజిక్స్ మనిషి, విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అన్నారు. కరిగిన ముద్దలా మొదలైన భూమి ఇప్పుడున్న చల్లదనానికి రావడానికి ఎంత కాలం పడుతుందో 1862లో లెక్క కట్టాడు, 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ళ మధ్య అన్నాడు, తర్వాత తర్వాత 2 నుంచి 4 కోట్లకి దించాడు. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం, అంటే బతకడానికి పనికొచ్చే లక్షణాలే తరతరాలుగా నిలబడటం, చాలా మెల్లగా జరిగే పని, ఆ కాలం సరిపోదు. కెల్విన్ మామూలు మనిషి కాదు, ఆ రోజుల్లో ఆయన లెక్క తప్పు అనే ధైర్యం ఎవరికుంది. ఇది తనని బాగా బాధపెడుతున్న విషయాల్లో ఒకటని డార్విన్, తనలాగే ప్రకృతి వరణం ఆలోచనకి వచ్చిన వాలెస్‌కి ఉత్తరంలో రాసుకున్నాడు. పైగా 1867లో జెన్కిన్ అనే ఇంజనీరు ఇంకోటి అడిగాడు. తల్లిదండ్రుల లక్షణాలు పాలూ నీళ్ళలా కలిసిపోతాయని కదా అందరూ అనుకుంటున్నారు, మరి ఒక జీవికి కొత్తగా వచ్చిన మంచి లక్షణం తరం తరానికీ పలచబడి మాయం కావాలి కదా? డార్విన్ దగ్గర దీనికి గట్టి జవాబు లేదు. జవాబు అప్పటికే అచ్చయి ఉంది! మెండెల్ సుమారు 28,000 బఠానీ మొక్కలు పెంచి, లక్షణాలు కలిసిపోవు, విడివిడిగా ఉండి తర్వాతి తరంలో మళ్ళీ బయటికి వస్తాయని 1866లోనే ప్రచురించాడు. ఎవరూ పట్టించుకోలేదు. డార్విన్ 1882లో, మెండెల్ 1884లో పోయారు, ఆ వ్యాసం విలువ లోకానికి తెలిసింది 1900లో. నాకు ఇది చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది, రెండు కాగితాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టేవాళ్ళు లేక ముప్పై ఏళ్ళ పైన పోయాయి. మీ పుస్తకాల్లో డార్విన్ ఒక చాప్టర్, మెండెల్ ఇంకో చాప్టర్, ఈ ఇద్దరి మధ్య ఉన్న ప్రశ్న ఏ చాప్టర్‌లోనూ లేదు.

కెల్విన్ సంగతి కూడా తేల్చేస్తా. భూమి లోపల అంతా గట్టి రాయి, కదలదు అనుకుని ఆయన లెక్క వేశాడు. ఆయన దగ్గర ఒకప్పుడు పనిచేసిన జాన్ పెర్రీ 1895లోనే లోపలి పదార్థం మెల్లగా కదిలితే భూమి వయసు చాలా పెరుగుతుందని చెప్పాడు, ఎక్కువ మంది వినలేదు. ఆ మరుసటి ఏడే రేడియోధార్మికత బయటపడింది, దానితో రాళ్ళ వయసు నేరుగా కొలవడం వచ్చింది. 1956లో పాటర్సన్ అనే శాస్త్రవేత్త సీసం ఐసోటోపులు (ఒకే మూలకంలో వేరువేరు బరువులున్న రకాలు) కొలిచి చెప్పిన వయసు 455 కోట్ల ఏళ్ళు. డార్విన్‌కి కావాల్సినంత కాలం ఉంది.

జర్మన్ శాస్త్రవేత్త వెగ్నర్ గురించి రెండు ముక్కలు చాలు. ఖండాలు కదిలాయని 1912లో అన్నాడు, శిలాజాలూ తీరాల ఆకారాలూ చూపించాడు, కానీ ఏ శక్తి కదిపిందంటే చాలా బలహీనమైన కారణాలు చెప్పాడు, ఆ విషయంలో విమర్శకులదే కరెక్టు. 1930లో గ్రీన్లాండ్ మంచులో చనిపోయాడు, 1960ల్లో సముద్రం అడుగున సాక్ష్యం దొరికాక గానీ ప్రపంచం ఒప్పుకోలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది. సూర్యుడు దేనితో తయారయ్యాడో 1925 దాకా మనకి తెలీదు. భూమిలో ఉన్నవే ఇంచుమించు అదే పాళ్ళలో ఉంటాయి అనుకునేవారు. సెసిలియా పేన్ అనే పాతికేళ్ళ అమ్మాయి నక్షత్రాల వర్ణపటాలు (వెలుతురుని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలు) లెక్కగట్టి, నక్షత్రాల్లో ఉన్నదంతా ఎక్కువభాగం హైడ్రోజన్, ఆ తర్వాత హీలియం అని తేల్చింది. ఆ కాలంలో పెద్ద పేరున్న ఖగోళ శాస్త్రవేత్త రస్సెల్ అది అసాధ్యం అన్నాడు. చివరికి ఆ అమ్మాయి తన థీసిస్‌లో తను కనిపెట్టిన దాని గురించే, ఇది దాదాపు కచ్చితంగా నిజం కాదు అని తన చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ళకి రస్సెల్ వేరే దారిలో అదే ఫలితానికి వచ్చి ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు. విశ్వం గురించి ఇంత పెద్ద మాట, మనం మామూలు మట్టితో రాళ్ళతో ఉన్న లోకం నుంచి హైడ్రోజన్‌తో నిండిన లోకంలోకి వచ్చిపడిన క్షణం అది, అయినా ఆమె పేరు నేను స్కూల్లో ఒక్కసారి కూడా వినలేదు. మా మేనకోడలి పుస్తకంలో కూడా లేదు. సూర్యుడిలో హైడ్రోజన్ ఎక్కువ అని ఉంది, అంతే, ఆకాశం నుంచి ఊడిపడినట్టు.

ఇవన్నీ పెడితే పిల్లలు సైన్స్‌ని నమ్మడం మానేస్తారు, ఇవాళ ఒకటి అన్నారు రేపు ఇంకోటి అంటారు అనుకుంటారు అని మీలో కొందరికి ఉండొచ్చు. నేను ఉల్టా చూస్తున్నా. ఫలితం మాత్రమే బట్టీ పట్టినవాళ్ళే పెద్దయ్యాక "సైంటిస్టులే మాట మార్చారు కదా, మరి వీళ్ళని ఎందుకు నమ్మాలి" అని ఏది పడితే అది నమ్మేస్తున్నారు, ఎందుకంటే మాట ఎలా మారుతుందో ఎప్పుడూ చూడలేదు కాబట్టి. నెప్ట్యూన్ కథ చూడండి. యురేనస్ దారి లెక్కకి తేడాగా ఉంటే, కనబడని గ్రహం ఏదో లాగుతోందని లెవెర్యే అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లెక్క కట్టాడు, 1846లో బెర్లిన్‌లో ఆయన చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. అదే మనిషి 1859లో బుధుడి దారిలోనూ తేడా చూసి, అదే పద్ధతిలో ఇంకో గ్రహం ఉండాలి అన్నాడు, దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు, దశాబ్దాలు వెతికారు. లేదు. వందేళ్ళకి 43 సెకన్ల కోణం (డిగ్రీని 3,600 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క సెకను), ఆ చిన్న తేడాని 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతం సరిగ్గా పూడ్చింది. ఒకే మనిషి, ఒకే పద్ధతి, ఒకసారి పాత సిద్ధాంతం గెలిచింది, ఒకసారి ఓడింది. ఏది ఎప్పుడు వదలాలో ముందే ఎవరికీ తెలీదు, కొలిచి చూడాల్సిందే. ఇది చదివిన పిల్ల దేన్నీ గుడ్డిగా నమ్మదు, గుడ్డిగా కొట్టిపారేయదు కూడా.

నేను అడిగేది కొత్త సబ్జెక్టు కాదు, పుస్తకం లావు చెయ్యమనీ కాదు. ప్రతి పెద్ద మార్పు దగ్గరా, దాన్ని ఒప్పుకోనివాళ్ళ బలమైన ప్రశ్న ఒకటి, దానికి జవాబు దొరికిన సంవత్సరం, జవాబు ఎలా దొరికిందో నాలుగు లైన్లు. పరీక్షలో "కోపర్నికస్ ఏం చెప్పాడు" బదులు "టైకో ఎందుకు ఒప్పుకోలేదు, ఆయన ఎక్కడ పొరబడ్డాడు" అని అడగండి. టీచర్లకి కష్టం అంటారా, ఒక బొటనవేలు, రెండు కళ్ళు ఉంటే మొదటి పాఠం అయిపోతుంది.

వచ్చే ప్రింటింగ్‌కి కనీసం ఆ ఒక్క వాక్యం మార్చండి. నేను ఒకటి రాసిచ్చాను, మా మేనకోడలు దాన్ని పెన్సిల్‌తో తన పుస్తకం మార్జిన్‌లో రాసుకుంది: "భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని కోపర్నికస్ 1543లో ప్రతిపాదించాడు, అలాగైతే నక్షత్రాలు జరగాలి కదా అని టైకో అడిగాడు, అవి జరుగుతున్నాయని 1838లో బెసెల్ కొలిచాడు." రాసుకున్నాక ఆ అమ్మాయి "మరి ఆ మధ్యలో 295 ఏళ్ళు జనం ఏ ధైర్యంతో నమ్మారు మామయ్యా?" అని అడిగింది. ఆ రాత్రి కెప్లర్‌తో మొదలుపెట్టి న్యూటన్ దాకా వచ్చాం, ఇంకా అవ్వలేదు.

ఇట్లు,
మీ పుస్తకాలు చదివి పెరిగిన ఒక పాఠకుడు